మీకు తెలుసా? కప్ప పిండంలో మెదడు ఎలా మొదలవుతుందో...

● కప్ప పిండం పైపొర కణాలను వాటి మానాన వదిలేస్తే నాడీకణాలవుతాయి. చర్మం కావాలంటేనే వాటికి ఆదేశం అందాలి! 1989లో జర్మనీ శాస్త్రవేత్తలు హోర్స్ట్ గ్రుంజ్, లోథార్ టాకే ఆఫ్రికా గోళ్లకప్ప పిండం నుంచి ఆ కణాలను తీసి, ఒకదానికొకటి తగలకుండా కొన్ని గంటలు ఉంచారు. మళ్లీ దగ్గర చేరిస్తే అవి నాడీకణాలుగా మారాయి. ఇరుగుపొరుగు కణాలు పంపే బీఎంపీ అనే ప్రొటీనే వాటిని చర్మం వైపు నడిపిస్తుందని తర్వాత తేలింది. మెదడు జన్యువులు పనిచేయడానికి సిద్ధంగానే ఉంటాయన్నమాట. నాకైతే జీవశాస్త్రంలో ఇంతకన్నా ఆశ్చర్యకరమైన సంగతి మరొకటి లేదు.

● మరి పిండంలో బీఎంపీని ఆపేదెవరు? ఆ జాడ అంతకు చాలా ముందే, ఫ్రైబుర్గ్‌లో హాన్స్ స్పీమన్ ప్రయోగశాలలో దొరికింది. ఆయన విద్యార్థిని హిల్డే మాంగోల్డ్ లేతరంగు న్యూట్ (తోక ఉండే ఉభయచరం) పిండం నుంచి చిన్న ముక్క కోసి, ముదురురంగు న్యూట్ పిండానికి పొట్టవైపు అతికించారు. అక్కడ రెండో పిండమే రూపుదిద్దుకుంది! దాని నాడీనాళంలో (మెదడు, వెన్నుపాముగా మారే గొట్టంలో) ఎక్కువ భాగం ముదురురంగు కణాలే. అంటే ఆ ముక్క తాను మెదడు కాలేదు, పక్కనున్న కణాల దారి మళ్లించింది. పరిశోధన 1924లో అచ్చయింది. అదే ఏడాది హిల్డే కాలిన గాయాలతో మరణించారు. అప్పటికి ఆమెకు పాతికేళ్లు. 1935లో నోబెల్ స్పీమన్‌కు వచ్చింది. ఆ సున్నితమైన కోతలు కోసిన చేతులు మాత్రం హిల్డేవి.

● ఆ ముక్క ఏం విడుదల చేస్తుందో తెలియడానికి దాదాపు 70 ఏళ్లు పట్టింది. 1992లో నోగిన్, 1994లో కార్డిన్ బయటపడ్డాయి. ఈ రెండు ప్రొటీన్లూ బీఎంపీని పట్టి బంధిస్తాయి, అంతే. నోగిన్ మోతాదు బాగా పెంచితే పిండంలో తలభాగమే విపరీతంగా పెరిగిపోతుంది.

● పండ్ల ఈగలోనూ కార్డిన్‌కు జోడు ఉంది. ఈగకు ప్రధాన నాడి పొట్టవైపు, కప్పకూ మనకూ వీపువైపు. అయినా ఈగ ప్రొటీన్ కప్ప పిండంలో పనిచేసింది.

● నాడీకణాలు పుట్టాక, వాటి పోగులు మెదడులో తమ చోటును ఎలా వెతుక్కుంటాయి? 1940లలో రోజర్ స్పెర్రీ న్యూట్ కన్నును తలకిందులుగా తిప్పారు. తెగిన దృష్టినాడి మళ్లీ పెరిగి, ప్రతి పోగూ మెదడులో తన పాత చోటికే చేరింది. పురుగు పైన కనిపిస్తే న్యూట్ కిందికి దూకేది. ఆ పొరపాటు ఎన్నటికీ సర్దుకోలేదు.

● టాడ్‌పోల్ కళ్లు తలకు చెరోపక్కన ఉంటాయి. దృష్టినాడి పోగులన్నీ అవతలి వైపు మెదడుకే దాటుతాయి. కప్పగా మారేటప్పుడు కళ్లు పైకి, ముందుకు జరుగుతాయి. రెండు కళ్లతో ఒకే దృశ్యం చూడాలంటే కొన్ని పోగులు దాటకుండా తమ వైపే ఉండాలి. సరిగ్గా ఆ సమయంలోనే నాడులు కలుసుకునే కూడలిలో ఎఫ్రిన్-బి ప్రొటీన్ తయారవుతుంది, కొన్ని పోగులను దాటనీయకుండా వెనక్కి మళ్లిస్తుంది. టాడ్‌పోల్‌లో దాన్ని ముందే పుట్టిస్తే, పోగులూ గడువుకు ముందే మళ్లాయి. చేపల్లో, పక్షుల్లో ఆ కూడలి దగ్గర ఎఫ్రిన్-బి కనిపించలేదు. ఎలుక పిండంలో కనిపించింది.