మార్కులు తగ్గిన పిల్లలకు పెద్ద కాలేజీలు దూరమేనా?



ఇంటర్ ఫలితాలు రాగానే మనందరం ముందుగా అడిగే మాట ఒకటే: ‘తొంభై శాతం దాటినవాళ్లు ఎంతమంది?’ దాటినవాళ్లకు శాలువా, మెమెంటో, నగదు బహుమతి అందుతాయి. అది మంచి ఆనవాయితీ, కొనసాగాలి. అయితే అరవై, డెబ్బై శాతం దగ్గర ఆగిన పిల్లల గురించి ఈ వ్యాసంలో నాలుగు మాటలు చెప్పదలిచాం. వాళ్లకు పేరున్న కాలేజీ దొరకదనే అభిప్రాయం మన ఇళ్లలో బలంగా ఉంది. అది పూర్తిగా నిజం కాదు.

చేగుంటలాంటి ఊళ్లో మార్కులు తగ్గడానికి తెలివి తక్కువ కావడమే కారణం అనుకోలేం. పదో తరగతి వరకు ఉర్దూ మీడియంలో చదివి, ఇంటర్లో ఒక్కసారిగా ఇంగ్లీషులో పరీక్షలు రాసే పిల్లలున్నారు. సాయంత్రం కాగానే మెకానిక్ షెడ్డులోనో, హైవే పక్క టీ హోటల్‌లోనో తండ్రికి చేదోడుగా నిలబడేవాళ్లున్నారు. ఇంటి పనంతా ముగించుకుని పుస్తకం పట్టే ఆడపిల్లలున్నారు. ఇవేవీ మార్కుల మెమోలో కనిపించవు.

ప్రభుత్వ విధానమే ఈ తేడాను ఒకచోట గుర్తించింది. 2008లో ఏర్పడిన బాసర ట్రిపుల్ ఐటీలో పదో తరగతి జీపీఏ ఆధారంగా సీట్లిచ్చిన ఏళ్లలో, రెసిడెన్షియల్ కాని ప్రభుత్వ పాఠశాలల విద్యార్థుల జీపీఏకు 0.4 కలిపి లెక్కించేవారు. సౌకర్యాల లేమికి ఇచ్చిన విలువ అది.

ఇక డిగ్రీ సంగతి. 2021లో ఢిల్లీ విశ్వవిద్యాలయంలోని కొన్ని కాలేజీల్లో కొన్ని కోర్సుల కటాఫ్ 100 శాతానికి చేరింది. మరుసటి ఏడాది, 2022లో, సీయూఈటీ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష వచ్చింది. అప్పటి నుంచి అక్కడ సీటును తేల్చేది ముఖ్యంగా ఈ పరీక్ష స్కోరే. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ కూడా ఇంటర్ తర్వాతి కోర్సులకు ఈ స్కోరునే చూస్తుంది. తెలుగు, ఉర్దూతో కలిపి 13 భాషల్లో పరీక్ష ఉంటుంది. ఒక్కో సబ్జెక్టుకు 50 ప్రశ్నలు, 60 నిమిషాలు. సరైన జవాబుకు 5 మార్కులు, తప్పుకు 1 కోత.

మన రాష్ట్రంలోనూ మార్పు వచ్చింది. ఇంజినీరింగ్ ర్యాంకులో ఇంటర్ మార్కులకు ఇంతకుముందు 25 శాతం వెయిటేజీ ఉండేది. 2023లో దాన్ని పూర్తిగా తీసేశారు. 1998లో మొదలైన నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం సీట్లు క్లాట్ ర్యాంకుతో వస్తాయి. జనరల్ విద్యార్థికి ఇంటర్లో 45 శాతం ఉంటే ఆ పరీక్ష రాయవచ్చు. బెంగళూరులోని అజీమ్ ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం రాతపరీక్షతోపాటు ఇంటర్వ్యూ కూడా పెడుతుంది. కుటుంబ ఆదాయాన్ని బట్టి ఫీజులో సాయం చేస్తుంది.

అలాగని మార్కులు అక్కర్లేదని కాదు. ఎన్‌ఐటీ, ఐఐటీల్లో చేరాలంటే జేఈఈ ర్యాంకుతోపాటు ఇంటర్లో 75 శాతం, లేదా బోర్డులో పై 20 పర్సంటైల్‌లో చోటు ఉండాలి. ఎస్సీ, ఎస్టీలకు ఆ శాతం 65. ఢిల్లీలో ఇద్దరికి స్కోరు సమానమైతే ముందుగా ఇంటర్ మార్కులే చూస్తారు. కొన్ని కోర్సులకు కనీస శాతం నియమం ఉంటుంది. కనుక దరఖాస్తుకు ముందే ప్రకటన మొత్తం చదవాలి. కొద్దిలో ఆగినవారు ఇంప్రూవ్‌మెంట్ రాసే ఆలోచన చేయాలి.

ఇంటర్వ్యూలో ‘మార్కులెందుకు తగ్గాయి?’ అని అడిగితే దాచకూడదు, సాకులూ చెప్పకూడదు. కారణం రెండు మాటల్లో చెప్పి, ఆ తర్వాత తాను ఏం చేసిందీ చూపాలి. మొదటి సంవత్సరం కంటే రెండో సంవత్సరం మార్కులు పెరిగి ఉంటే అదే గట్టి సాక్ష్యం.

కాగితాల దగ్గర జాగ్రత్త అవసరం. బీసీ-ఈ మన రాష్ట్ర జాబితాలోని విభాగం. కేంద్ర ఓబీసీ జాబితా వేరు. కేంద్ర సంస్థలకు దరఖాస్తు చేసేటప్పుడు తమ వర్గం ఆ జాబితాలో ఉందో లేదో చూసుకోవాలి. లేకపోతే, కుటుంబ వార్షికాదాయం 8 లక్షల లోపు ఉండి మిగతా షరతులు సరిపోయినవారు ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్‌కు ప్రయత్నించవచ్చు. ఏ ఆర్థిక సంవత్సరం సర్టిఫికెట్ అడిగారో చూసి, మీ-సేవలో సకాలంలో దరఖాస్తు పెట్టాలి.

ఇక్కడే దాతల అవసరం కనిపిస్తుంది. ఇలాంటి పిల్లవాడికి కావలసింది పెద్ద మొత్తం కాదు. రెండు మూడు పరీక్షల ఫీజులు, పాత ప్రశ్నపత్రాలు, కేంద్రం దాకా బస్సు చార్జీలు. ఆడపిల్ల అయితే తోడు వెళ్లే తల్లికో, అన్నకో చార్జీలు. సీయూఈటీ కంప్యూటర్ మీద రాయాలి కాబట్టి ముందే మౌస్ పట్టి సాధన చేయడానికి వారానికి కొన్ని గంటలు ఒక కంప్యూటర్. అన్నిటికంటే ముఖ్యం, గడువు తేదీ గుర్తుచేసి ఫారం నింపించే చదువుకున్న మనిషి.

డబ్బు ఇవ్వగలిగినవారు డబ్బు, సమయం ఇవ్వగలిగినవారు సమయం ఇవ్వండి. మీ వీధిలో ‘మార్కులు తగ్గాయి’ అని చదువు మానేయబోతున్న పిల్లలు ఉంటే, వాళ్లను షాపులో కూర్చోబెట్టే ముందు ఒక్కసారి మా దగ్గరికి పంపమని తల్లిదండ్రులకు చెప్పండి. ఏ పరీక్షకు అర్హత ఉందో కూర్చుని చూద్దాం. ఇన్షా అల్లాహ్, దారి దొరుకుతుంది.