చీటీలు వేసి తేల్చిన వైద్యం

1964 జనవరిలో అమెరికాలోని పోర్ట్‌లాండ్ నగరంలో 82 ఏళ్ళ అవ్వ ఒకామె ఆస్పత్రిలో పడి ఉన్నది. కాలిలోని రక్తనాళం ఇరుకైపోయింది. పాదానికి రక్తం అందక వేళ్ళు కుళ్ళుతున్నాయి. కాలు తీసెయ్యక తప్పదన్నారు డాక్టర్లు. అవ్వ ససేమిరా వల్ల కాదన్నది.

ఆ ఆస్పత్రిలో చార్లెస్ డాటర్ అనే ఎక్స్‌రే డాక్టరు ఉండేవాడు. ఆయన కత్తి పట్టలేదు. ఎక్స్‌రే తెర మీద చూస్తూ రక్తనాళంలోకి సన్నని తీగ పోనిచ్చాడు. తీగ మీదుగా సన్నని గొట్టాన్నీ, దాని మీదుగా కాస్త లావు గొట్టాన్నీ జొనిపి, ఇరుకును వెడల్పు చేశాడు. చల్లబడిన పాదం వెచ్చబడింది! అవ్వ బతికినన్నాళ్ళూ తన రెండు కాళ్ళ మీదనే నడిచింది.

ఇలా ఒంటి లోపలి భాగాలను తెర మీద చూస్తూ సూదులతోను, గొట్టాలతోను చేసే వైద్యాన్ని ఇంటర్వెన్షనల్ రేడియాలజీ అంటారు. పేరుకు నోరు తిరగకపోయినా పని తేలికగానే అర్థమవుతుంది.

అవ్వ పాదం వెచ్చబడటం అందరికీ కనిపించింది. కాని అన్ని జబ్బులూ అంత తేటగా సాక్ష్యం చెప్పవు. ముసలితనంలో ఎముకలు గుల్లబారి వెన్నుపూస ఒక్కొక్కప్పుడు నలిగిపోతుంది. ఆ నొప్పి పగవాడికి కూడా వద్దు. దెబ్బతిన్న పూసలోకి సూది గుచ్చి, గట్టిపడే సిమెంటు ఎక్కించే ఉపాయం 1980లలో ఫ్రాన్సు డాక్టర్లు కనిపెట్టారు. మేడలు కట్టే సిమెంటు కాదు సుమా! కట్టుడు పళ్ళకు వాడే పదార్థం వంటిది. రోగులు లేచి నడిచారు. దేశదేశాల్లో వేలమందికి ఈ చికిత్స చేశారు.

అయితే నొప్పి బాగా ముదిరినప్పుడే మనిషి డాక్టరు దగ్గరకు పరుగెత్తుతాడు. ఆ తరవాత చాలామందికి అది దానంతటదే తగ్గుముఖం పడుతుంది. మరి తగ్గించింది సిమెంటా, కాలమా?

నేను లెక్కలు చెప్పే రోజుల్లో ఒక ఏడు ‘ఎ’ సెక్షను గోడలకు పెద్ద పెద్ద ఎక్కాల పటాలు కట్టించాను. మూడు నెలలు తిరిగేసరికి పిల్లలు ఎక్కాలు గడగడా అప్పజెప్పారు. నేను మురిసిపోయాను. తీరా చూస్తే, పటాలు లేని ‘బి’ సెక్షను పిల్లలు కూడా అంత గడగడానూ అప్పజెప్పారు! పరీక్షలు దగ్గర పడ్డాయి గదా, ఇళ్ళలో పెద్దలు కూర్చోబెట్టి వల్లె వేయించారు. ‘బి’ సెక్షనే లేకపోతే నేను ఈనాటికీ ఆ పటాల గొప్ప చెప్పుకుంటూ ఉందును.

వైద్యానికి కూడా ‘బి’ సెక్షను కావాలి. అమెరికాలో డేవిడ్ కాల్మెస్ అనే డాక్టరు తానే ఈ సిమెంటు చికిత్స చేస్తూ ఉండేవాడు. అయినా దాన్ని పరీక్షకు పెట్టాడు. నాకు ఆయన మీద గౌరవం అందుకే. తన వైద్యాన్ని తానే అనుమానించడం అందరికీ చేతనవుతుందా?

సంగతంతా ముందే విప్పి చెప్పి, ఒప్పుకున్న 131 మందిని చేర్చుకున్నారు. ఎవరు ఏ జట్టో చీటీ తేల్చింది. డాక్టరే ఏరితే, తెలియకుండానే గట్టివాళ్ళను ఒక పక్కకు ఏరవచ్చు. ఒక జట్టుకు నిజంగా సిమెంటు ఎక్కించారు. రెండో జట్టుకు చేసింది ఉత్తుత్తి చికిత్స. అదే గది, అదే బల్ల, వీపుకు అదే తిమ్మిరి మందు. వీపు మీద చేత్తో అదిమారు. సిమెంటుకు ఘాటైన వాసన ఉంటుంది గనక, సీసా మూత తీసి గదిలో ఆ వాసన కూడా రానిచ్చారు! పూసలోకి మటుకు ఏమీ ఎక్కించలేదు. తనది ఏ జట్టో రోగికి తెలియదు.

నెల గడిచాక నొప్పికి మార్కులు వేయమన్నారు. మొదట రెండు జట్లకూ పదికి 7 వరకు ఉండేది. సిమెంటు జట్టుకు 3.9కి దిగింది. ఉత్తుత్తి జట్టుకు కూడా 4.6కి దిగింది! ఆ కాస్త తేడా కాకతాళీయంగా కూడా రావచ్చు. ఆస్ట్రేలియాలో రేచెల్ బుక్‌బైండర్ అనే డాక్టరమ్మ 78 మందితో ఇటువంటి పరీక్షే చేస్తే, అక్కడా ఇదే తేలింది. రెండూ 2009లో ఒకే పత్రికలో అచ్చయ్యాయి. డాక్టర్లలో కొందరు మండిపడ్డారు. పూస నలిగిన కొత్తలోనే చేస్తే కొందరికి మేలని 2016లో మరొక పరీక్ష చెప్పింది. వాదం ముగియలేదు.

చీటీ ఎప్పుడూ కాదనే చెబుతుందనుకోకండి. మెదడు రక్తనాళంలో గడ్డ అడ్డుపడితే పక్షవాతం వస్తుంది. తొడ దగ్గర నుంచి గొట్టం పోనిచ్చి, ఆ గడ్డను పట్టి లాగితే? 2013లో వెలువడిన మూడు పరీక్షల్లో దానివల్ల ప్రయోజనం కనిపించలేదు. చాలామంది ఆశ వదులుకున్నారు. హాలండులో మాత్రం అప్పటికే మొదలైన పరీక్షను ఆపలేదు. పక్షవాతం వచ్చినవారు మాట్లాడలేని చోట బంధువులు సంతకం చేశారు. 16 ఆస్పత్రులలో 500 మంది చేరారు. మామూలు వైద్యం ఇద్దరికీ ఒక్కటే. ఒక జట్టుకు దానితోపాటు గడ్డ కూడా లాగారు.

మూడు నెలలకు తమ పనులు తాము చేసుకోగలవారు మామూలు జట్టులో నూటికి 19 మంది, గడ్డ లాగిన జట్టులో 33 మంది!

ఈ ఫలితం తెలిసేనాటికి ఇతర దేశాలలో ఇటువంటి పరీక్షలు మరికొన్ని సాగుతున్నాయి. వాటిలో కొన్నింటిని మధ్యలోనే నిలిపి లెక్క చూశారు. అక్కడా మేలే కనిపించింది. మేలని తెలిశాక ఇంకా చీటీ వేసి, సగం మందికి ఆ వైద్యం లేకుండా చేయడం న్యాయం కాదని, ఆ చీటీలు వేయడం మానేశారు.