పెద్దబాపు పంచనామా, నా జ్యూరీ

నిరుడు ఎండకాలంలో మా టెక్సస్ ఇంటికి కౌంటీ కోర్టు నుంచి ఒక కార్డు వచ్చింది. ఫలానా సోమవారం పొద్దున ఎనిమిదిన్నరకు జ్యూరీ హాలులో హాజరు కావాలని. ఆ సాయంత్రమే దాని ఫొటో తీసి కోరుట్ల, జగిత్యాల దోస్తుల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. పావుగంటలో పదకొండు సలహాలు వచ్చాయి. పదకొండూ తప్పించుకునే ఉపాయాలే. "ఇంగ్లీషు సరిగ్గ రాదని చెప్పే అన్నా" అన్నాడొక తమ్ముడు. ఇరవై ఏండ్లుగా ఇంగ్లీషులోనే ఉద్యోగం చేస్తున్నవాడు! "పోలీసోళ్ల మీద నమ్మకం లేదను, జడ్జి అప్పుడే ఇంటికి తోలుతడు" అన్నాడు సిరిసిల్లాయన ఒకరు.

నవ్వొచ్చింది గానీ ఆ భయం ఎక్కడిదో నాకు తెలుసు. మా ఇంట్లో అది పెద్దబాపుతో మొదలైంది.

కోరుట్ల దగ్గరి మా ఊళ్లో పెద్దబాపుది బస్సు ఆగేచోట కిరాణా దుకాణం. ఓ రాత్రి పోలీసులు పక్క గల్లీలో ఒక ఇల్లు సోదా చేశారు. సోదాకు ఊరివాళ్లు ఇద్దరు సాక్షులు కావాలి. ఆ వేళ దీపం వెలుగుతున్న దుకాణం పెద్దబాపుదే. పిలిచారు, పోయాడు. జమాదారు రాసిన కాయితం మీద సంతకం పెట్టి వచ్చాడు. రెండున్నరేండ్లు గడిచాక సమన్లు వచ్చాయి. మొదటి పేషీకి జడ్జి సెలవు. రెండోదానికి వకీలు రాలేదు. మూడోదానికి ముద్దాయి రాలేదు. అట్లా ఐదు పేషీలు. పోయిన ప్రతిసారీ దుకాణం బంద్, బస్సు కిరాయి, వేపచెట్టు కింద సాయంత్రం దాకా ఎదురుచూపు. ఐదోసారి బంట్రోతు మూడుసార్లు పేరు పిలిస్తే బోనెక్కాడు. "ఈ సంతకం నీదేనా?" "నాదే." అంతటితో అయిపోయింది. ఆ రాత్రి ఏం చూశావు, అది నిజమే అనిపించిందా అని అడిగినవాడు లేడు. "సంతకం కోసమే అయితే చెయ్యొక్కటి పంపుదును గదరా" అనేవాడు తర్వాత.

ఆ పనికి మన దగ్గర పంచనామా అని పేరు. రాసే కాయితం మీద మధ్యవర్తులు అని ఉంటుంది గానీ, ఏ ఇద్దరి మధ్యా వాళ్లను ఎవరూ కూర్చోబెట్టరు. సోదా జరిగేచోట ఆ ప్రాంతంలో ఉండే, ఏ పక్షానికీ చెందని, మర్యాదస్తులైన ఇద్దరిని లేదా అంతకన్నా ఎక్కువమందిని పిలవాలని 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 100వ సెక్షన్ చెప్పింది. తగిన కారణం లేకుండా రానంటే అది నేరం. ప్రత్యేకంగా సమన్లిస్తే తప్ప వాళ్లు కోర్టుకు రానక్కర్లేదన్న మాట కూడా అదే సెక్షన్‌లో ఉంది. సమన్లు రానే వస్తాయి కాబట్టి అది కాయితం మీది మాటే. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో ఇదే ఏర్పాటు 103వ సెక్షన్ అయింది. సోదాను వీడియో తీయాలని 105వ సెక్షన్ కొత్తగా చేర్చింది. సాక్షుల ఖర్చులకు బత్తా ఇచ్చే వీలు చట్టంలో ఉంది. కానీ మీటర్ల లెక్కన కూలి దొరికే సిరిసిల్ల సాంచల (మరమగ్గాల) కార్మికుడికీ, వెయ్యి బీడీల లెక్కన డబ్బు చేతికొచ్చే కోరుట్ల ఆడబిడ్డకూ ఒక పేషీ అంటే ఒక పూట పొయ్యి. అందుకే దీపం ఆర్పి పడుకోవడం మనవాళ్లు నేర్చుకున్న మొదటి న్యాయశాస్త్రం.

మరి జ్యూరీలాగ ఊరివాడు కూర్చుని తీర్పు చెప్పడం మనకు తెలియదా అంటే, మన తాలూకాలకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదేమో. గడీలో దొర పంచాయితీ చెప్పి దండుగ వేసేవాడు, ఆ దండుగ దొర పెట్టెలోకే పోయేది. 1978లో రైతుకూలీ సంఘాలు లేచి, పంచాయితీల పేరున తిన్న ఆ సొమ్మంతా తిరిగిమ్మని అడిగాయి. సెప్టెంబరు 7న ఆ సంఘాల జగిత్యాల జైత్రయాత్ర నడిచింది. ఊళ్లలో సంఘాలే పంచాయితీ చెప్పడం మొదలైంది. మాట వినని దొరలకు చాకలి, మంగలి బంద్ అయ్యాయి. అక్టోబరులో సర్కారు సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. పోలీసు క్యాంపులు దిగాయి. పగలు ఒకరు, రాత్రి ఒకరు వచ్చి అడిగే ఊళ్లో ఏ కాయితం మీదైనా సంతకం పెట్టడమంటే ఎంత గుండె కావాలో ఆ కాలంలో పెరిగినవాళ్లకు చెప్పనక్కర్లేదు.

సంఘం పంచాయితీని జ్యూరీ అనలేం. అక్కడ నిలబడ్డవాని తరఫున మాట్లాడే మనిషి లేడు, పైన అప్పీలు లేదు. ఇప్పటికీ జగిత్యాల, నిజామాబాద్ వైపు కొన్ని ఊళ్లలో గ్రామాభివృద్ధి కమిటీలు జరిమానాలు వేస్తున్నాయి, కుటుంబాలను వెలివేస్తున్నాయి. ఆ అధికారం వాటికి ఏ చట్టమూ ఇవ్వలేదు. ఊరు తీర్పు చెప్పాలన్న కోరిక పాతదే, పక్కన దాన్ని అదుపు చేసే జడ్జి లేకపోవడమే చిక్కు.

అసలైన జ్యూరీ కూడా ఒకప్పుడు మన దేశంలో ఉండేది. మొట్టమొదటిది 1665లో, చెన్నపట్నంలో. అసెన్షియా డాస్ అనే ఆమె తన బానిసపిల్లను చంపిందన్న కేసును గవర్నర్ ఫాక్స్‌క్రాఫ్ట్ పన్నెండుమంది జ్యూరీ ముందు విచారించాడు, ఆమె విడుదలైంది. నిజాం ఇలాకా వాళ్లం కాబట్టి మా పెద్దల నోట నేను జ్యూరీ మాటే వినలేదు. బొంబాయిలో నావికాదళ అధికారి నానావతి ఒకణ్ని కాల్చి చంపిన కేసుతోనే జ్యూరీ పోయిందని మనలో చాలామంది సినిమాలు చూసి చెబుతుంటారు. 1959లో తొమ్మిదిమందిలో ఎనిమిదిమంది అతను నిర్దోషి అన్నమాటా, హైకోర్టు ఆ తీర్పును కొట్టేసి శిక్ష వేసిందన్నమాటా, 1961లో సుప్రీంకోర్టు దాన్నే ఖాయం చేసిందన్నమాటా నిజమే. అయితే జ్యూరీని తీసేయమని లా కమిషన్ తన 14వ నివేదికలో 1958లోనే చెప్పింది. ఆ కాల్పులు అప్పటికి ఇంకా జరగనే లేదు. 1974 ఏప్రిల్ 1న ఆ 1973 కోడ్ అమల్లోకి రావడంతో జ్యూరీకి దారి మూసుకుంది. పార్సీల విడాకుల కోర్టుల్లో మాత్రం జడ్జి పక్కన ఆ సమాజపు ప్రతినిధులు కూర్చునే పద్ధతి మిగిలింది.

ఇక నా సోమవారం సంగతి. పార్కింగ్ దొరకడానికే అరగంట. హాలులో రెండు వందలమందిమి. కాఫీ చల్లగా ఉంది, ఏసీ ఇంకా చల్లగా ఉంది. పదకొండు దాకా పిలుపు లేదు. వేపచెట్టు ఒక్కటే తక్కువ. భత్యం మొదటిరోజు 20 డాలర్లు, రెండోరోజు నుంచి 58. 2023 సెప్టెంబరు కన్నా ముందు మొదటిరోజుకు ఆరు డాలర్లే. ఫెడరల్ కోర్టులో అయితే రోజుకు 50. జ్యూరీకి పోయినందుకు ఉద్యోగంలోంచి తీసేయకూడదని టెక్సస్ చట్టం చెబుతుంది గానీ, ఆ రోజుల జీతం కంపెనీ ఇచ్చి తీరాలని చెప్పదు. సొంత దుకాణం, పెట్రోల్ బంకు నడిపే మనవాళ్లకు ఇది పెద్దబాపు నష్టమే, డాలర్లలో.

మధ్యాహ్నం ఓ ఇరవైమందిని కోర్టు గదిలోకి తీసుకుపోయి నంబరు వరసన కూర్చోబెట్టారు. తాగి కారు నడిపిన కేసు. చిన్న నేరాలకు ఇక్కడ ఆరుగురు, పెద్దవాటికి పన్నెండుమంది. రెండు పక్షాల వకీళ్లూ వంతులవారీగా ప్రశ్నలడిగారు: మీరు తాగుతారా, మీ ఇంట్లో పోలీసులున్నారా, ముద్దాయి నోరు విప్పకపోతే తప్పు చేసినట్టేనా? ఆ చివరి ప్రశ్నకు నాలో ఉన్న కోరుట్ల మనిషి వెంటనే "అవును" అన్నాడు, లోపలే. పైకి మాత్రం ఆలోచించి, అనుకోనని చెప్పాను. ఆరుగురిలో నాలుగోవాడినయ్యాను.

మర్నాడు పొద్దున మేం వరసగా లోపలికి వస్తుంటే బెయిలిఫ్ కేకేశాడు. వకీళ్లు, ముద్దాయి, గదిలో ఉన్న అందరూ లేచి నిలబడ్డారు. జ్యూరీ లోపలికి వచ్చినప్పుడు లేచి నిలబడటం ఇక్కడి రివాజు. నా ముందు ఒక బడి వంటమనిషి, వెనుక ఒక ట్రక్కు డ్రైవరు. బంట్రోతు మూడుసార్లు అరిచిన పెద్దబాపు పేరు ఆ క్షణాన నా చెవిలో మోగింది. ఆ తర్వాత తలుపు మూసిన గదిలో మూడు గంటలు వాదించుకున్నాం. ఆరుగురూ ఒకటే మాట మీదికి వస్తే తప్ప తీర్పు లేదు. కోర్టులో చూపిన వీడియో ఇంకోసారి చూద్దామని పట్టుబట్టింది వంటమనిషే. నేను మొదట అనుకున్నదానికీ చివర చెప్పినదానికీ పొంతన లేదు. ఆమె చూపించేదాకా ఆ వీడియోలో నేను రోడ్డు పక్క గీతనే చూడలేదు.

గల్ఫ్‌లో ఉన్న మనవాళ్లకు జ్యూరీ బాధా లేదు, ఆ భాగ్యమూ లేదు. సిరిసిల్ల ప్రాంతపు కూలీలు ఐదుగురు ఒక నేపాలీ కాపలాదారు హత్య కేసులో పద్దెనిమిదేండ్లు దుబాయ్ జైల్లో ఉండి, ఆ తర్వాత ఇండ్లకు చేరారు. అక్కడ క్షమించే హక్కు చనిపోయినవాని కుటుంబానిది. ఇంగ్లండులో ఉన్నవాళ్లకు వేరే సంగతి: కామన్‌వెల్త్ పౌరులు కాబట్టి భారత పాస్‌పోర్టుతోనే అక్కడ ఓటరు కావచ్చు. ఓటరు జాబితాలో పేరుండి, పదమూడేండ్ల వయసు దాటాక ఐదేండ్లు ఆ దేశంలో ఉంటే, 75 ఏండ్ల దాకా జ్యూరీ పిలుపు రావచ్చు. నాది ఇండియా పాస్‌పోర్టు, నాకేం పట్టదని అక్కడివాళ్లు ఆ ఉత్తరాన్ని పక్కన పడేయొద్దు.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఒక మనవి. జ్యూరీ పేర్లు ఓటరు జాబితా నుంచే కాక డ్రైవింగ్ లైసెన్సుల నుంచి కూడా తీస్తారు. కాబట్టి గ్రీన్‌కార్డు, హెచ్‌-1బి వాళ్లకూ, మన దగ్గరికి వచ్చి ఉంటున్న అమ్మానాన్నలకూ ఈ కార్డు రావచ్చు. పౌరులు కానివాళ్లు దాన్ని చెత్తబుట్టలో వేయకండి, పోయి కూర్చోకండి కూడా. పౌరుణ్ని కానన్న గడిలో టిక్కు పెట్టి, సంతకం చేసి, గడువులోగా తిప్పి పంపండి. పౌరుణ్నని తప్పుగా రాస్తే రేపటి పౌరసత్వానికే ముప్పు. టెక్సస్‌లో 75 దాటిన పెద్దలూ, పన్నెండేండ్లలోపు పిల్లల్ని చూసుకునే తల్లిదండ్రులూ మినహాయింపు అడగవచ్చు. తేదీ కుదరకపోతే వాయిదా అడగండి, చాలా కౌంటీల్లో ఫోన్‌లోనో వెబ్‌సైట్‌లోనో ఇస్తారు. పౌరులైనవాళ్లు మాత్రం ఇంగ్లీషు రాదని చెప్పకండి. పుస్తకం ఒకటి, స్వెటరు ఒకటి తీసుకొని పోండి.