సీసాలో వగరు ఏమవుతుంది?

శామీర్‌పేట పాఠకులొకరు అడిగారు: ఫ్రాన్స్ నుంచి అల్లుడుగారు బోర్డో రెడ్ వైన్ తెచ్చారు, దాచేకొద్దీ బాగుంటుందట, అటక మీద పదేళ్లు ఉంచవచ్చా?

మేడ్చల్, శామీర్‌పేటలకు ద్రాక్ష కొత్తేమీ కాదు. కాకపోతే ఇక్కడి తోటల్లో పేరుపడ్డ అనాబ్-ఎ-షాహీ, థామ్సన్ సీడ్‌లెస్ రెండూ తెల్లరకాలు, తినే పళ్లు. మన కథకు నల్లద్రాక్ష తొక్కలోని రంగు, తొక్కలోనూ గింజలోనూ ఉండే టానిన్ కావాలి. బోర్డో రకాలైన కాబర్నే సావిన్యో, మెర్లోలలో ఇవి దండిగా ఉంటాయి.

పచ్చి అరటికాయ కొరికితే నాలుకను పట్టేసే వగరు టానిన్‌దే. నోటిని జారుడుగా ఉంచే లాలాజల ప్రొటీన్లను అది పట్టుకుని ముద్ద కట్టిస్తుంది, నోరు పిడచకట్టుకుపోతుంది. కొత్త బోర్డో చేసేదిదే. ఇరవయ్యేళ్లు మాగిన మంచి సీసా మాత్రం మెత్తగా గొంతు దిగుతుంది. మరి ఆ వగరు ఏమైనట్టు?

పాశ్చర్ అంతటివాడు 1866లో వైన్ మీద పుస్తకం రాసి, దాన్ని పరువానికి తెచ్చేది ఆక్సిజనే అన్నాడు. పీపాలో సరే. బిరడా బిగించిన సీసాలో గాలితో పనిలేకుండానే వైన్ మాగుతుందని తర్వాత బోర్డోలోనే వైన్ శాస్త్రవేత్త జాఁ రిబెరో-గయోఁ వాదించాడు. ఆపైన పుస్తకాల్లో పాతుకుపోయిన మాట ఇంకోటి: టానిన్లు ఒకదానికొకటి అతుక్కుని, బరువెక్కి, మడ్డిగా దిగిపోతాయి, అందుకే వగరు తగ్గుతుంది. ఇది సగమే నిజం. మడ్డిగా దిగేలోపు గొలుసు పొడుగైతే వగరు తగ్గదు, పెరుగుతుంది! 1980లో షెఫీల్డ్ రసాయనవేత్త ఎడ్విన్ హాస్లమ్ మిగతా సగం చెప్పాడు: వైన్‌లోని పులుపు ఆ గొలుసులను తెంపుతుంది కూడా. గొలుసు పొట్టిదైతే వగరూ తగ్గుతుంది. తెగిన కొస ఊరుకోదు, దొరికినదాన్ని పట్టుకుంటుంది. ఇంకో టానిన్ దొరికితే దాన్ని, ఆంథోసయనిన్ అనే రంగు అణువు దొరికితే దాన్ని. ఇలా ఏళ్ల తరబడి తెగుతూ, అతుక్కుంటూనే ఉంటాయి. గ్లాసును తెల్లకాగితం మీదికి వంచి చూడండి: కొత్త వైన్ అంచు ఊదాగా, మాగినదాని అంచు ఇటుకరంగులో కనిపిస్తుంది. రంగు అణువులు జత మార్చుకున్నాయనడానికి అదే ఆనవాలు.

ఇదంతా 12, 13 డిగ్రీల చల్లని నేలమాళిగలో నడిచే వ్యవహారం. మేడ్చల్ వేడిలో ద్రాక్షతీగకే శీతాకాలపు నిద్ర ఉండదు. ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి కత్తిరించి కాపు పట్టిస్తారు. ఇక సీసా ఎలా నిద్రపోతుంది? వేడి అన్ని చర్యలనూ ఒకే వేగంతో తరమదు. అందుకే అటక మీద వైన్ త్వరగా మాగదు, దారి తప్పుతుంది. తాజా పండు వాసన పోయి ఉడికిన పండు వాసన మిగులుతుంది.

అడిగారు కాబట్టి: ఫ్రిజ్‌లో అడ్డంగా పడుకోబెట్టి, కొన్ని నెలల్లో తాగేయండి. తాగేముందు ఒకరోజు నిలబెడితే మడ్డి దిగుతుంది. అన్నట్టు, బోర్డోలో చేసే వైన్లలో చాలావాటిని దాచుకోవడానికి చేయరు. ముందు అల్లుడుగారిని ధరెంతో కనుక్కోండి.