షెడ్డులో నిద్రపోని కారు

మన అంబాసిడర్ ఉందే, దాని మూలం మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అనే ఇంగ్లీషు కారురా. మోరిస్ మైనర్ కూడా ఆ ఇంటి పిల్లే. 1948లో లండన్ మోటారు షోలో బయటికొచ్చింది. రూపకర్త అలెక్ ఇసిగోనిస్‌కి చివర్లో అది మరీ సన్నగా కనబడిందట. నమూనా బండిని నిలువునా కోయించి మధ్యలో నాలుగంగుళాలు అతికించాడు. అప్పటికే తయారైన బంపర్లనూ కోసి మధ్యలో ముక్క వేశారు!

అలాంటి మైనర్ ఒకటి ఇంగ్లండులో ఏ షెడ్డులోనో ఇరవై ఏళ్లు పడుందనుకో. కొన్నవాడు కొత్త బ్యాటరీ పెట్టి తాళం తిప్పబోతాడు. ఆగమనాలి! బండి ఆగిందిగానీ లోపలి రసాయనం ఆగలేదు.

పెట్రోల్లో తేలిక భాగం ఆవిరైపోయి, మిగిలింది ఆక్సిజన్‌తో కలిసి జిగురై కార్బురేటర్‌ని పూడ్చేస్తుంది. సిలిండర్ గోడకు పిస్టన్ రింగులు తుప్పుతో అతుక్కుంటాయి. బలవంతంగా తిప్పితే విరుగుతాయి. స్పార్క్ ప్లగ్గులు తీసి, ఆ కంతల్లో పల్చటి నూనె పోసి, కొన్నాళ్లు వదిలెయ్యాలి. సన్నటి సందుల్లోకి నూనె తనే పాకుతుంది. దాన్నే కేశనాళికా చర్య అంటారు. తర్వాత గేరు న్యూట్రల్లో పెట్టి, ముందునుంచి హ్యాండిల్‌తో మెల్లగా కదపాలి.

నన్నడిగితే అంతకన్నా ముందు బ్రేకులు విప్పాలి. వానాకాలంలో మూత తీసిన ఉప్పు డబ్బాలా బ్రేక్ ఆయిల్ గాలిలో తేమను లాగేసుకుంటుంది. ఆ నీరు చక్రాల దగ్గరి సిలిండర్లను తినేస్తుంది. మైనర్లో మాస్టర్ సిలిండర్‌ని డ్రైవరు కాళ్ల కింద, చాసిస్ దూలంలో దాచారు. విప్పేవాడి నడుం గురించి ఆ మహానుభావులు ఆలోచించలేదు!

అసలు శత్రువు తుప్పు. ఇంగ్లండులో చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఉప్పునీటిలో విద్యుత్తు బాగా పారుతుంది కనుక తుప్పు జోరందుకుంటుంది. పైగా ఇనుము కన్నా తుప్పుకి చోటెక్కువ కావాలి. అతుకుల మధ్య పుట్టి రేకుల్ని విడదీస్తుంది. పైన రంగు మీద చిన్న బుడగ, వెనక జల్లెడ. వెనక స్ప్రింగులు బిగించే చోట స్క్రూడ్రైవరుతో పొడిచి చూడాల్సిందే.

ఇంకోటి. పాత పెట్రోల్లోని సీసం వాల్వు సీట్లు అరగకుండా కాపాడేది. బ్రిటన్‌లో 2000 నుంచి అది మామూలు బంకుల్లో లేదు. 2021 నుంచి మామూలు పెట్రోల్లో పది శాతం దాకా ఎథనాల్ కలుపుతున్నారు, అది పాత రబ్బరుకు పడదు. ఇంజిన్ హెడ్ విప్పాల్సి వస్తే, గట్టి సీట్లు, కొత్త గొట్టాలు అప్పుడే వేయించేస్తే మళ్లీ విప్పే పనుండదు.