సైకిలుపై కోనసీమలో మూడు రోజులు



మన ఉత్తరాంధ్ర వారికి కోనసీమ అనగానే సినిమాల్లో చూసిన కొబ్బరిచెట్లు, ఎవరో తెచ్చిపెట్టగా తిన్న పూతరేకులు గుర్తుకొస్తాయి. నేనూ రెండుసార్లు బస్సులో వెళ్ళి, ఆ పచ్చదనాన్ని కిటికీలోంచి చూసి వచ్చినవాడినే. 2019 ఫిబ్రవరిలో మాత్రం సైకిలు మీద వెళ్ళాను. నాతోపాటు ఇరవైమూడేళ్ళ యువకుడొకడు వచ్చాడు. ఈ ప్రయాణం ఎందుకు పెట్టుకున్నామో ముందుగా చెప్పాలి.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను మన జిల్లాలో పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానం కొబ్బరి, జీడితోటలు ఒక్క రాత్రిలో ఏమైపోయాయో మీలో చాలామంది కళ్ళారా చూశారు. ఆ అబ్బాయి తండ్రికి వజ్రపుకొత్తూరు మండలంలో ఎకరంన్నర కొబ్బరితోట ఉండేది. 82 చెట్లలో మిగిలినవి తొమ్మిది. అబ్బాయి డిగ్రీ చదివి, నరసన్నపేటలో ఒక దుకాణంలో లెక్కలు రాస్తూ, ఆదివారాలు మా మందిరానికి వచ్చేవాడు. ఒకనాడు ఆరాధన అయ్యాక నా దగ్గరకొచ్చి, “అయ్యగారూ, మల్లీ మొక్కేస్తే కాపుకి ఏడేళ్ళు. ఈలోగా మల్లీ గాలొస్తే ఏటి సేస్తాం? నేల అమ్మేసి సెన్నై ఎలిపోదామని నాన్నతో సెప్పీసినాను” అన్నాడు.

వాడికి ఒక ప్రార్థన చేసి పంపవచ్చు. కాని వాడు అడిగింది ఏడేళ్ళ లెక్క గురించి. నా దగ్గర జవాబు లేదు. అప్పుడు నాకు 1996 గుర్తొచ్చింది. ఆ ఏడాది నవంబరు 6 రాత్రి కోనసీమను ఇలాంటి తుఫానే తుడిచిపెట్టింది. వెయ్యిమందికి పైగా ప్రాణాలు పోయాయి. లక్షల కొబ్బరిచెట్లు నేలకూలాయి. మరి ఇప్పుడు బస్సు కిటికీలోంచి కనబడే ఆ తోటలెక్కడివి? “వెళ్ళి చూద్దాం రా” అన్నాను. సైకిలైతే ఖర్చు తక్కువ. పైగా బస్సులో వెళ్తే ఊళ్ళ పేర్లు తెలుస్తాయి గాని మనుషులు తెలియరు.

మూడు వైపుల నీళ్ళు

ఆమదాలవలసలో సైకిళ్ళను రైలుకు బుక్ చేసి రాజమండ్రిలో దిగాము. అక్కడినుంచి ధవళేశ్వరం కొద్ది దూరమే. గోదావరి అక్కడ గౌతమి, వశిష్ఠ అనే రెండు పాయలుగా చీలుతుంది. ఆ రెండు పాయలకూ, బంగాళాఖాతానికీ నడుమ ఉన్న నేలే కోనసీమ. వశిష్ఠ నుంచి వేరుపడిన వైనతేయ ఈ దీవిని మళ్ళీ కోసుకుంటూ సముద్రంలో కలుస్తుంది. అప్పట్లో ఇదంతా తూర్పు గోదావరి జిల్లా. 2022 ఏప్రిల్ నుంచి అమలాపురం ముఖ్యపట్టణంగా వేరే జిల్లా అయింది.

చుట్టూ ఇంత నీరున్నా ఒకప్పుడు ఈ నేలకు భద్రత లేదు. వస్తే వరద, లేకుంటే కరువు. 1847లో సర్ ఆర్థర్ కాటన్ ఇక్కడ ఆనకట్ట పని మొదలుపెట్టించి 1852 నాటికి పూర్తిచేయించాడు. ఆ పనిలో ఆయనకు కుడిభుజంగా నిలిచిన వీణెం వీరన్నను కూడా గోదావరి వారు మరచిపోలేదు. పాత ఆనకట్ట స్థానంలో వచ్చిన బ్యారేజి 1982లో పూర్తయింది. దాని మీదుగా తొక్కుతూ బొబ్బర్లంక చేరేసరికి, మా వాడు ఒక పక్క నిండుగా ఉన్న నీటినీ, మరో పక్క తేలిన ఇసుకనూ చూసి, “మన వంశధారకి గొట్టా బ్యారేజీ లాగే కదా, అయ్యగారూ. పెద్దది, అంతే” అన్నాడు. ఆ పొద్దు వాడు మాట్లాడిన మొదటి మాట అదే.

బొబ్బర్లంక నుంచి కాలువ గట్టు రోడ్డు. ఎత్తుపల్లాలు లేవు గనుక కాళ్ళకు శ్రమ తెలియదు. ఆత్రేయపురంలో ఆడవాళ్ళు బోర్లించిన కుండ మీద పలుచని బియ్యప్పిండి జావను గుడ్డతో ఒక్క లాగు లాగి, కాగితంలాంటి రేకు తీస్తున్నారు. లొల్ల దగ్గర లాకులు చూశాము. పెద్ద కాలువ అక్కడ చీలి ఊళ్ళకు నీళ్ళు పంచుతుంది. ఆ రాత్రి రావులపాలెంలో బస.

చెట్టు మీది లెక్క

రెండోనాడు కొత్తపేట మీదుగా అంబాజీపేట వైపు వెళ్ళాము. అంబాజీపేట కొబ్బరికి పెద్ద బజారు. అక్కడ కొబ్బరి పరిశోధన కేంద్రం కూడా ఉన్నది. రోడ్డు వెంట నేలలో పాతిన గునపాల మీద కాయలు గుచ్చి పీచు వలుస్తున్నవారు, సైకిలుకు రెండు వైపులా గెలలు వేలాడదీసుకుని పోతున్నవారు ఎదురయ్యారు. ఊరు ఇంకా దూరమనగా నా వెనుక చక్రానికి ముల్లు దిగింది. ట్యూబు చూడటానికి నీళ్ళు కావాలని పక్క తోటలో అడిగాము. డెబ్బై దాటిన రైతు ఒకాయన బకెట్టుతో నీళ్ళు తెచ్చి, “ఏ ఊరండీ మీది? శ్రీకాకుళమా! సైకిళ్ళ మీదొచ్చారా? ఆయ్, కూర్చోండి మరి” అని బొండాలు కొట్టించారు.

మా వాడు నిలబడే అడిగాడు: “తాతగారూ, తొంభై ఆరు తుఫానుకి మీ తోట పడలేదా?”

పెద్దాయన నవ్వలేదు. తోటలోకి నడిచి ఒక చెట్టు మీద చెయ్యి వేశారు. “మట్ట రాలినచోట ఈ చార చూడబ్బాయ్. చెట్టు ఏడాదికి పన్నెండు మట్టలు అటూ ఇటూగా వేస్తది. చారలు లెక్కెట్టి పన్నెండుతో భాగిస్తే దీని వయసు చెప్పేయొచ్చు. మొదట్లో చారలు దగ్గరదగ్గరగా ఉంటాయి, జాగర్తగా చూడు.”

మా వాడు చేతికందినంత మేర లెక్కపెట్టి, పైన కళ్ళతో అంచనా వేశాడు. ఇరవై ఏళ్ళ చిల్లర వచ్చింది. పక్క చెట్టూ అంతే, ఆ పక్కదీ అంతే. ఆ తోటలో తొంభై ఆరుకు ముందువి నాలుగే నాలుగు, వంగి లేచిన ముసలి చెట్లు. మిగిలినదంతా తుఫాను తర్వాత నాటినదే.

“పడ్డ చెట్లు తీయించడానికే నాలుగు నెలలు పట్టిందండి. మా ఆవిడ గాజులు అమ్మి మొక్కలు తెచ్చాం. ఎనిమిది మీటర్ల ఎడం పెట్టి, మధ్యలో అరటి, కంద వేశాం. కొబ్బరి కాసేదాకా అవే తిండి పెట్టినాయి. మా పెద్దోడు మాత్రం ఆగలేక హైదరాబాదు పోయాడు. ఆడి తప్పు కాదులెండి.”

ఆ చివరి మాటకు మా వాడు తలెత్తి చూశాడు. వెళ్ళినవాణ్ణి నిందించలేదు, ఉండిపోయినందుకు తమను పొగుడుకోనూ లేదు. బస్సు కిటికీలోంచి నేను ఇన్నాళ్ళూ దేవుడిచ్చిన అందమనే అనుకున్నాను. అది నిజమే గాని, అందులో గాజులు అమ్మిన ఒక తల్లి వాటా కూడా ఉన్నదని ఆనాడు తెలిసింది.

సముద్రం దాకా

మూడోనాడు అమలాపురం దాటి, బోడసకుర్రు దగ్గర వైనతేయ మీది వంతెన ఎక్కి పాశర్లపూడి వైపు దిగాము. 1995 జనవరి 8న అక్కడ గ్యాస్ బావి పేలి 65 రోజులు మండింది. ఆ మంట ఆరిన మరుసటి ఏడాదే తుఫాను. ఇప్పుడు అక్కడా కొబ్బరితోటలే. రాజోలు, మలికిపురం మీదుగా అంతర్వేది చేరేసరికి సముద్రపు గాలి ఎదురై సైకిళ్ళు నడవనంది. దిగి నడిపించుకుంటూ పోయాము. వశిష్ఠ సముద్రంలో కలిసేచోట మా వాడు చాలాసేపు నిలబడ్డాడు. తిత్లీ తర్వాత ఆ కుటుంబంలో ఎవరూ సముద్రం వైపు వెళ్ళలేదట.

సాయంత్రం సఖినేటిపల్లి రేవులో పంటు మీద సైకిళ్ళు ఎక్కించి నర్సాపురం చేరాము. 1836లో ఇంగ్లండు నుంచి మన దేశానికి వచ్చిన బౌడెన్, బీర్ అనే మిషనరీలు సేవచేసిన పట్టణమది. నర్సాపురం లేసు అల్లికలకూ పేరున్నది. అక్కడినుంచి రైలులో ఇల్లు చేరాము.

వెళ్ళదలచిన వారికి

డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు వాతావరణం అనుకూలం. గేర్లున్న సైకిలు అక్కరలేదు, మామూలు సైకిలు చాలు. గాలిపంపు, పంక్చరు సామాను, తువ్వాలు, నీళ్ళ సీసా మరువవద్దు. పొద్దున్నే బయలుదేరి పదకొండులోపు ఎక్కువ దూరం తొక్కండి. మధ్యాహ్నం దాటితే సముద్రపు గాలి ఎదురొస్తుంది. జాతీయ రహదారి వదిలి కాలువ గట్లు పట్టండి. చీకటిపడ్డాక తొక్కవద్దు. అన్నిటికంటే ముఖ్యం, ఎవరైనా కూర్చోమంటే కూర్చోండి.

ఇక ఆ అబ్బాయి సంగతి. నేల అమ్మలేదు. అలాగని ఊళ్ళోనూ ఉండిపోలేదు. 2019 వానలకు తండ్రితో కలిసి నలభై మొక్కలు నాటి విశాఖపట్నంలో ఉద్యోగానికి వెళ్ళాడు. 2020లో కరోనా లాక్‌డౌనుకు ఇంటికి వచ్చినప్పుడు, ఎండాకాలమంతా బిందెలతో నీళ్ళు మోశాడు. తొమ్మిది మొక్కలు చచ్చిపోయాయి. 2025లో మిగిలిన వాటిలో కొన్ని తొలి గెల వేశాయి. మొదటి నాలుగు కాయలు తండ్రి నా చేతిలో పెట్టి, “అయ్యగారూ, ఆ కోనసీమ తాతగారికి రెండు పంపగలరా?” అన్నాడు.

పెద్దాయన చిరునామా అడిగి ఉంచుకోలేదే అని ఆనాడు నొచ్చుకున్నాను. తోట మాత్రం గుర్తుంది. ఈ చలికాలంలో మళ్ళీ సైకిలు తీయాలి.