తెర మీద తొలి అక్షరములు

చీరాల పట్టణము నేడు చేరియున్న బాపట్ల జిల్లా 2022 ఏప్రిల్ 4వ తేదీన ఏర్పడినది. ఆ యేడే డిసెంబరు 21న ఆ జిల్లాలోని యడ్లపల్లి గ్రామమున, ప్రభుత్వ పాఠశాలలలో ఎనిమిదవ తరగతి చదువు బాలబాలికలకు ట్యాబులు పంచు కార్యక్రమము రాష్ట్రమంతటికిని ఆరంభమైనది. పై తరగతుల గోడలకు పెద్ద తాకుతెరలును, చిన్న తరగతులకు స్మార్టు టీవీలును బిగించు పని కూడ ఆ రోజులలోనే సాగినది. పదమూడేండ్ల బాలుని చేత ట్యాబు పెట్టుట ఒక పని. ఒకటి నుండి ఐదు వరకు చదువు పసివారి నడుమ అట్టి సాధనమును నిలుపుట పూర్తిగా వేరొక పని. ఈ రెండవది యెంత సున్నితమైనదో, చీరాల చెంతనున్న జాండ్రపేట, ఈపూరుపాలెముల వంటి చేనేతవాడలలో, మగ్గము చప్పుడు వినుచు పెరిగిన బిడ్డల చేతికి మొదటిసారి ట్యాబు నందించు పంతులమ్మకు తెలిసినంతగా మరియెవ్వరికిని తెలియదు.

మానవ మనస్సు క్రొత్త విషయములను ఒక్కమారుగా కొన్నింటిని మాత్రమే పట్టియుంచి వానితో పనిచేయగలదు. మనశ్శాస్త్రజ్ఞులు దీనిని పనిస్మృతి యందురు. పెద్దలలోనే పరిమితమైన ఈ శక్తి ఆరేడేండ్ల శిశువునందు ఇంకను స్వల్పము. ఆస్ట్రేలియా శాస్త్రవేత్త జాన్ స్వెల్లర్ 1988లో ప్రకటించిన వ్యాసముతో వ్యాప్తిలోనికి వచ్చిన జ్ఞానభార సిద్ధాంతమునకు మూలమిదియే. ఏ బొమ్మను నొక్కవలెనో, శబ్దమేల రాలేదో, వ్రేలు జారినంతనే పాఠమెక్కడికి మాయమైనదో తెలియక తబ్బిబ్బగుచున్న బిడ్డను, అదే క్షణమున ఏడును ఐదును కూడి యెంతయగునో చెప్పుమనుట, ఆ చిన్ని స్మృతి మోయజాలని బరువును దానిపై మోపుటయే. సమాధానము తప్పినప్పుడు బిడ్డకు లెక్క రాలేదని మనము వ్రాసికొందుము. నిజమునకు రానిది యంత్రము.

కావున తెలిసిన పాఠముతో తెలియని యంత్రమును, యంత్రము తెలిసిన పిమ్మట దానితో తెలియని పాఠమును నేర్పవలెను. మొదటి దినములలో తెరచుట, మూయుట, శబ్దము తగ్గించుట, దారి తప్పినచో వెనుకకు వచ్చుట, ఇవి మాత్రమే చాలును; తెరమీద వినిపించునది బిడ్డకు కంఠస్థమైన గేయమైన చాలును. ఇంగ్లీషు అక్షరములింకను పూర్తిగా రాని వానిని ఎనిమిదక్షరముల పాస్‌వర్డు కొట్టుమనుట వంటి క్రూరత్వము వేరొకటి లేదు. ఆ పని ముందుగనే పెద్దలు చేసి పెట్టవలసినది.

ఇక తెలుగు వ్రాతకు వచ్చెదము. ఇక్కడి చిక్కు మన లిపి స్వభావమునుండి పుట్టినది గనుక కొంచెము నిలిచి చూడవలసియున్నది. ఒకటవ తరగతి దాటిన పిల్ల పలకమీద ‘అమ్మ’ అని వ్రాయునప్పుడు అకారము వ్రాసి, మకారము వ్రాసి, దానికి ఒత్తు చేర్చును. ఆమె చేయి నేర్చిన క్రమమది. సాధారణమైన తెలుగు కీబోర్డులో ఒత్తునకు మీట లేదు. అకారము, మకారము నొక్కిన పిదప పొల్లు గుర్తును నొక్కి, మరల మకారమును నొక్కవలెను. పొల్లు నొక్కగనే తెరమీద ‘అమ్’ అని కనబడును. తాను కోరనిది కనబడినంతనే పిల్ల ఉలికిపడి, తప్పు చేసితినని తలచి దానిని చెరుపును; మరల మొదలిడును, మరల చెరుపును. ఆమె చేసిన దానిలో తప్పేమియు లేదు. మరియొక్క మీట నొక్కియున్నచో ‘అమ్మ’ తానై కూడియుండెడిది. యంత్రము మన అక్షరములను ముక్కలుగా దాచుకొనును: కంటికి ఒక్కటిగా తోచు ‘స్త్రీ’ అను రూపము దాని లోపల ఆరు సంకేతముల వరుస. చెరుపునప్పుడును పలకమీది గుడ్డవలె అక్షరమంతయు ఒక్కసారి పోక, చివరి ముక్క మాత్రమే పోవును. ఈ సంగతి ముందుగ చెప్పి, “మధ్యలో పొల్లు కనబడునమ్మా, భయపడకు, తరువాతి అక్షరము నొక్కుము” అని ప్రక్కన నిలిచి ఒక్కసారి చూపిన, ఏడుపు మొగము పెట్టిన పిల్ల మరుక్షణమున అక్క, అన్న, అత్త అని వరుసగా కొట్టుకొనిపోవును.

ట్యాబు తాకుతెర మొరాయించుటకును కారణము కలదు. అద్దము క్రింద పారదర్శకమైన విద్యుద్వాహక రేఖలు నిలువుగను అడ్డముగను, మగ్గముమీది పడుగు పేకల వలె, ఒకదానినొకటి దాటుచు పరచబడియుండును. మన దేహము విద్యుద్వాహకము గనుక, వ్రేలు సమీపించినచోట ఆ రేఖల నడుమనున్న స్వల్ప విద్యుదావేశము మారును. ఏ నిలువు రేఖయు ఏ అడ్డ రేఖయు కలియుచోట మారినదో లెక్కించి, యంత్రము వ్రేలి స్థానమును తెలిసికొనును. అందుచే బలముగ నొక్కిన ప్రయోజనము లేదు, గోటితో గీకిన అసలే లేదు. కుళాయి దగ్గర చేతులు కడిగికొని తుడువక వచ్చినచో, నీటిబిందువులును విద్యుద్వాహకములే యగుటచే తెర కలవరపడును. పసివారు ఎడమ అరచేతిని పలకకు ఆనించినట్లు తెరకంచున ఆనించియుంచి కుడి వ్రేలితో నొక్కుదురు. అట్టియెడ యంత్రము రెండు స్పర్శలను గుర్తించి తికమకపడును.

తెరమీద పాఠము చూపు సాధనములు తెలుగు పల్లెలకు క్రొత్తవి కావు. 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు, అమెరికావారి ఏటీయస్-6 ఉపగ్రహము ద్వారా మన దేశమున ఆరు రాష్ట్రములలో, సుమారు 2,400 గ్రామములకు టెలివిజను ప్రసారములు అందినవి; ఆంధ్రప్రదేశ్ అందొకటి. ‘సైట్’ అని పేరొందిన ఆ ప్రయోగమున ఉదయము వేళ బడిపిల్లలకు ఒక్కొక్క భాషలో ఇరువదిరెండున్నర నిమిషముల కార్యక్రమముండెడిది. ఆ కొద్ది నిమిషములకు ముందేమి చెప్పవలెను, తరువాత ఏమి చేయింపవలెను అను భారము నాడును ఉపాధ్యాయునిదే. నేటి స్మార్టు టీవీకి కోరినచోట పాఠమును ఆపు మీట అదనముగ నున్నది. నా దృష్టిలో తరగతి గదిలో అన్నింటికంటె విలువైన మీట యదియే. ఆపి, “తరువాత ఏమగునర్రా?” అని అడిగి, పిల్లలచేత చెప్పించి, పిదప చూపుట వేరు, అరగంట బొమ్మలు నడవనిచ్చుట వేరు.

పరిశోధనలును ఈ దిక్కునకే చూపుచున్నవి. పెరూ దేశమున గ్రామీణ పాఠశాలల బాలలకు ల్యాప్‌టాప్‌లు పంచిన తరువాత జరిపి 2012లో వెలువరించిన అధ్యయనమున గణితమునగాని భాషయందుగాని మెరుగు కనబడలేదు. వడోదర పురపాలక పాఠశాలలలో మాత్రము, నాలుగవ తరగతివారు వారమునకు రెండు గంటలు గణితపు ఆటలాడగా లెక్కలలో స్పష్టమైన వృద్ధి కలిగినది. ఏడాది గడచునప్పటికి అందు చాలభాగము తరిగిపోయినదనియు ఆ పరిశోధకులే చెప్పిరి. గుజరాతులోనే జరిగిన మరియొక ప్రయోగము మరింత ఆలోచింపదగినది. బాగుగ నడచుచున్న బడిలో గురువు బోధించు సమయమును తీసి యంత్రమున కిచ్చినప్పుడు చదువు తగ్గినది. బడి విడిచిన పిమ్మట ఆ యంత్రమునే అదనముగ ఇచ్చినప్పుడు పెరిగినది. కాలపట్టికలో ట్యాబునకు గంట కేటాయించువారు ఏ గంటను దానికై త్యజించుచున్నారో చూచుకొనవలెను.

వడోదరలో ఇద్దరు బిడ్డలకొక కంప్యూటరు. మన బడులలోను పంచుకొనుటయే రివాజు కాగలదు, అది లోపము కానక్కరలేదు. కాని విడిచిపెట్టినచో చొరవగల బిడ్డ యంత్రమును లాగికొనును, రెండవ బిడ్డ భుజము మీదుగా తొంగిచూచుచు మిగిలిపోవును. అట్లు మిగులునది తరచు ఆడపిల్లయో, క్రొత్తగా చేరిన పిల్లవాడో. అందుచే ఒకరు నోటితో సమాధానము చెప్పవలెను, రెండవవారు వ్రేలితో తాకవలెను. చెప్పినది తప్పని తోచినచో తాకుటకు ముందు ఎందులకు తప్పో చెప్పవలెను. ఒక లెక్క ముగియగానే నోరును వ్రేలును మారవలెను.